కోట పండుగ ముగిసిన మరునాడు

(హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



మన సీమకు సముద్రము లేదు. నంది కొండలలో పుట్టిన పెన్న మన పొలిమేరలు దాటి, ఎన్నో ఊళ్లు తిరిగి నెల్లూరి సీమలో కడలిని చేరును. అయినను నేటి మాటను ఒక సముద్రతీరము నుండియే మొదలిడుచున్నాము.

విశాఖపట్నము పోయి వచ్చినవారు అక్కడి రామకృష్ణా బీచిలో ఒడ్డుపై నిలిపిన కురుసుర అను జలాంతర్గామిని చూచియుందురు. అది 1969 డిసెంబరులో మన నౌకాదళమున చేరినది. 1971 యుద్ధకాలమున సముద్రమున కాపలా తిరిగినది. 31 సంవత్సరముల సేవ ముగించి 2001లో విశ్రమించినది. దానిని పాత ఇనుము క్రింద తూకము వేసి అమ్మివేసియుండవచ్చును. అట్లు చేయక ఒడ్డునకు లాగి, 2002లో ప్రజలకు ప్రదర్శనశాలగా తెరచిరి. నౌకాదళమున పనిచేసి విరమించినవారే లోపల నిలిచి, నావికులు ఎక్కడ పండుకొనిరో, ఎట్లు వండుకొనిరో, నీటి అడుగున ఎట్లు ఊపిరి నిలుపుకొనిరో చెప్పుచుందురు. పిల్లలు నోళ్లు తెరచి విందురు. దేశరక్షణకు పనికివచ్చి పని ముగిసిన వస్తువు, ఆ విధముగా ప్రజలకు పాఠశాల యైనది.

మనకు ఓడ లేదు గాని కోట కలదు. కురుసుర 31 ఏండ్లు కావలి కాచినది. పెనుకొండ కొన్ని వందల ఏండ్లు కావలి కాచినది. కోట ఉత్తరపు వాకిట నున్న శాసనము వలన, మొదటి బుక్కరాయల కుమారుడు వీర విరుపణ్ణ ఒడయరు ఏలుబడిలో, 14వ శతాబ్దమున ఈ దుర్గము కట్టబడినట్లు తెలియుచున్నది. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున విజయనగరము దెబ్బతినగా, తిరుమలరాయలు రాజధానిని ఇచ్చటికే తరలించెను. రామరాజభూషణుని వసుచరిత్ర అంకితము పొందినది ఈ తిరుమలరాయలే. హంపీ పాడుపడిన దినములలో రాజ్యమునకు నీడ యిచ్చినది మన కొండయే. 1577లో బిజాపురపు సేనలు ముట్టడించినను జగదేవరాయలు కోటను నిలిపెను. తరువాత రాజధాని చంద్రగిరికి, వేలూరికి పోయినది. కోట మాత్రము ఇచ్చటనే మిగిలినది.

ఇంత పెద్ద కోటకు ప్రాణము ఏది? గోడలనుకొందుము, బురుజులనుకొందుము. నీరు లేని కోట గోడ ఎంత ఎత్తుగా నుండిన నేమి? ఆనాటివారు ఈ సంగతి బాగుగా ఎరిగినవారు. గౌరీబిదనూరు ప్రాంతమున 1388 నాటి శాసన మొకటి కలదు. పెన్న నీటిని పెనుకొండకు తేవలెనని ప్రతాప బుక్కరాయలు ఆజ్ఞాపింపగా, జలసూత్రము తెలిసిన సింగయభట్టు కాలువ త్రవ్వించి సిరువెర చెరువునకు నీరు చేర్చినట్లు అందు వ్రాయబడినది. రాజు పేరుతో పాటు నీటి పని తెలిసినవాని పేరును కూడ రాతిపై చెక్కించిన పెద్దలు వారు. ఆ కాలువ మట్టి మోసినవారి పేర్లు ఆ రాతిపై లేవు. వారు మన ఊళ్లవారే, మన పూర్వులే.

కావున ఈ వారసత్వము రాజులది మాత్రమే యనుకొనరాదు. పెనుకొండలో గగన్ మహలు కలదు. పార్శ్వనాథుని జైన బసది కలదు. రాముని గుడి, శివుని గుడి ప్రక్క ప్రక్కనే నిలిచినవి. షేర్‌ఖాన్ మసీదు కలదు. బాబయ్య దర్గా కలదు. ఆ దర్గా ఉరుసునకు అన్ని మతములవారును వత్తురు. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో, అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు వీరభద్రాలయమును కట్టించిరి. అచ్చటి ఏకశిలా నంది 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. ఆలయపు కప్పుమీది చిత్రములలోని అంచులను చూచినవారికి ధర్మవరపు మగ్గము గుర్తునకు రాక మానదు. ధర్మవరమున పట్టు నేయు చేతులు, చిత్రావతి ఒడ్డున చెరువు కట్టిన చేతులు, లేపాక్షిలో ఉలి పట్టిన చేతులు ఒకే సీమ బిడ్డలవి.

ఉత్సవములు మనకు క్రొత్త గావు. 2010లో శ్రీకృష్ణదేవరాయల పట్టాభిషేకమునకు 500 ఏండ్లు నిండిన సందర్భమున పెనుకొండలో ఉత్సవములు జరిగినవి. 2016, 2018, 2020 సంవత్సరములలో లేపాక్షి ఉత్సవములు జరిగినవి. 2022లో లేపాక్షి ఆలయము, నంది యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేరినవి. ఇవి సంతోషింపదగినవే. దీపములు వెలిగినవి, నృత్యములు జరిగినవి, పెద్దలు మాటలాడిరి, జనము చప్పట్లు చరచిరి.

అయితే మేము మిమ్ములను అడుగు ప్రశ్న ఒకటే: ఉత్సవము ముగిసిన మరునాడు ఏమి జరుగుచున్నది?

మేము తిరిగిన ఊళ్లలో చూచినదే చెప్పెదము. ఒక ఊరిలో శాసనపు రాయి చాకిరేవు బండగా మారినది. ఇంకొకచోట భక్తి గలవారు వీరగల్లునకు ఏటేటా సున్నము పూసి పూసి, వీరుని ముఖమునే కప్పివేసిరి. మరియొకచోట నిక్షేపము దొరకునను ఆశతో, రాత్రివేళ ఎవరో వచ్చి పాత గుడి గర్భాలయపు బండలు పెకలించిపోయిరి. బురుజు రాయి పశువుల కొట్టము గోడలో కనబడినది. ఇందు శత్రుసైన్యము చేసిన పని ఏదియు లేదు. వందల ఏండ్ల ముట్టడులకు ఓర్చిన రాయి, మన అశ్రద్ధకు ఓర్వలేకున్నది. ఒకసారి పోయిన అక్షరమును ఏ ప్రభుత్వమును, ఎంత ధనము వెచ్చించినను తిరిగి తేలేదు.

అందుచే కోట పండుగ చేయదలచిన పంచాయతీలకు మా సూచనలు కొన్ని గలవు.

మొదటిది, లెక్క. గ్రామసభలో ఒక దినమును ఇందులకే కేటాయించి, ఊరిలోని శాసనములు, వీరగల్లులు, పాత బావులు, చెరువు తూములు, గుడులు, దర్గాలు, బసదులు ఏవి ఎక్కడ నున్నవో వ్రాయించుడు. బడిపిల్లలను, ఉపాధ్యాయులను వెంట తీసికొనిపొండు. ఫొటో తీసి పంచాయతీ కార్యాలయమున ఒక ప్రతి ఉంచి, మరియొక ప్రతిని పురావస్తు శాఖకు పంపుడు. లెక్కలో లేని సొత్తును కాపాడుట ఎవరి తరము?

రెండవది, చట్టము. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో 10 రూపాయల విలువకు మించిన నిక్షేపము దొరకినచో కలెక్టరుకు తెలియజేయవలెను. మన రాష్ట్రమున ప్రాచీన కట్టడముల రక్షణకు 1960 నాటి చట్టము కలదు. కేంద్రము రక్షించు కట్టడములకు చుట్టు 100 మీటర్ల వరకు క్రొత్త కట్టడములు నిషిద్ధము; ఆపై 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. ఈ సంగతి తెలియక ఇల్లు మొదలిడిన పేదవాడు తరువాత నష్టపోవును. ముందుగా చెప్పుట పంచాయతీ ధర్మము.

మూడవది, శుభ్రము. ముండ్లకంపలు కొట్టుట, చెత్త ఎత్తుట మన చేతిలోని పని. సున్నము, రంగు, సిమెంటు మాత్రము తాకనీయకుడు. రాతి సందులలో మొలచిన మర్రిని, రావిని పెరికిన గోడయే కూలవచ్చును. అట్టి పనికి శాఖవారిని పిలువుడు.

నాలుగవది, చెప్పువారు. విశాఖలో నావికులే తమ ఓడ కథ చెప్పుచున్నారు గదా! మన పండుగలో వేదికపై మొదటి పీట నీరుగంటికి వేయుడు. ఏ తూము ఎప్పుడు తెరచెడివారో, మరువ పారిన ఏడు ఊరెట్లుండెనో ఆయన చెప్పును. రాయి కొట్టిన వడ్డెర పెద్దను, మగ్గము నేసిన అవ్వను, దర్గా ముజావరును, గుడి పూజారిని పిలువుడు. వారి మాటలను పిల్లలచేత వ్రాయించుడు. వృద్ధుడు పోయినప్పుడు ఆయన ఎరిగిన ఊరు కూడ ఆయనతో పోవును.

అయిదవది, నీరు. పండుగ ఖర్చులో కొంత భాగమును ఊరి పాత చెరువు కట్టకో, పూడిన కాలువకో తప్పక కేటాయింపుడు. సింగయభట్టునకు మనము చేయగల పూజ ఇదియే. ఉత్సవపు జమాఖర్చులను గ్రామసభలో చదివి వినిపింపుడు. అప్పుడు పండుగ ఊరందరిదగును.

మన మిశ్రమ సంస్కృతి వారసత్వమును గౌరవించి కాపాడుట ప్రతి పౌరుని కర్తవ్యమని రాజ్యాంగము 51ఎ అధికరణము చెప్పుచున్నది. 2022లో మన ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లాల పేర్లు, సరిహద్దులు మారుచుండును. పెనుకొండ దుర్గము మాత్రము వాటినన్నిటిని చూచుచు నిలిచియున్నది.

సోదరులారా, మీ పదవీకాలము అయిదేండ్లు. కోట వయస్సు ఆరువందల ఏండ్లకు పైమాట. ఆ అయిదేండ్లలో ఒక్క శాసనమును నిలిపినను, ఒక్క తూమును బాగుచేసినను, మీ తరువాత వచ్చు సభ్యుడు దానిని చూపి తన పిల్లలకు మీ పేరు చెప్పును. ఈ ఏటి పండుగ తేదీని నిర్ణయించునప్పుడు, దాని మరునాడు చేయదగిన పనిని కూడ ఆ తీర్మానములోనే వ్రాసికొనుడని మా విన్నపము.