గల్ఫ్ ఉద్యోగం – ఆరోగ్య బీమా
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. నా తెలుగులో తప్పులు దొర్లితే మన్నించండి, లెక్కలో దొర్లితే మాత్రం నిలదీయండి. కార్యదర్శిగారు విద్య గురించి మాట్లాడమన్నారు. కాని ఇక్కడ ప్రతి వరుసలోనూ కొడుకునో, తమ్ముణ్ణో, అల్లుణ్ణో గల్ఫ్‌కు పంపినవారే కనబడుతున్నారు. అందుకని ఈ విషయం ఎత్తుకున్నాను.

మా అక్క భర్త, మేము దూలాభాయ్ అంటాము, దమ్మాంలో 19 ఏళ్ళు ఏసీ మెకానిక్‌గా పనిచేశారు. కంపెనీ ఇచ్చిన బీమా కార్డు ఇఖామాతో పాటు ఎప్పుడూ జేబులో ఉండేది. 2022లో సెలవు మీద నిజామాబాద్ వచ్చిన మూడో వారం గుండెనొప్పి వచ్చింది. హైదరాబాద్ తీసుకుపోయాము. కౌంటరులో ఆ కార్డు చూపిస్తే గుమాస్తా చదివి తిరిగి ఇచ్చేశాడు. అది సౌదీ ఆస్పత్రులకే చెల్లుతుందట! రెండు స్టెంట్లు వేశారు. అక్క బంగారం పోయింది, ఇల్లు కట్టుకుందామని కొన్న జాగా పోయింది. తెల్ల కార్డు ఉన్న ఇంటికి ఆరోగ్యశ్రీ ఉంది, తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు కూడా. దూలాభాయ్ ఇంటికి ఆ కార్డు లేదు.

కథ అక్కడ ఆగలేదు. 2023లో కంపెనీ వాళ్ళు ఫైనల్ ఎగ్జిట్ కొట్టి పంపేశారు. ఉద్యోగంతో పాటు ఆ కార్డూ పోయింది. ఇక్కడ పాలసీ కోసం తిరిగితే ఒక కంపెనీ కాదన్నది. ఇంకొకటి 2024లో ఒప్పుకున్నది గాని, గుండె ఖర్చు మూడేళ్ళ దాకా ఇవ్వదు. అంటే 2027 వరకూ గుండె తన ఖర్చు తానే చూసుకోవాలి!

ఇప్పుడు లెక్కకు వద్దాము. గల్ఫ్ వెళ్ళేవాడి ముందు సాధారణంగా మూడు బీమాలుంటాయి.

ఒకటి, యజమాని ఇచ్చేది. సౌదీలో ప్రైవేటు ఉద్యోగికి ఇది యజమాని ఖర్చుతో ఇవ్వవలసిందే. దుబాయ్‌లో 2013 చట్టం అదే చెప్పింది. షార్జా, అజ్మాన్ వంటి ఎమిరేట్లలో 2025 జనవరి 1 నుంచి వచ్చింది. అక్కడి కనీస పాలసీ ఏడాదికి 320 దిర్హాములు. ఆస్పత్రిలో చేరితే బిల్లులో 20 శాతం, మందులకు 30 శాతం రోగి పెట్టుకోవాలి. కాబట్టి కార్డు ఉన్నదా అని మాత్రమే అడగకండి. ఏ ఆస్పత్రుల్లో, ఎంతవరకు, మన వాటా ఎంత అని అడగండి.

రెండు, ప్రవాసీ భారతీయ బీమా యోజన. పదో తరగతి పాస్ కాక, ఇమిగ్రేషన్ అనుమతి మీద వెళ్ళేవారికి తప్పనిసరి. రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షలు. చాలా మంచిది. అయితే వైద్యానికి లక్ష రూపాయలే. పైగా గడువు తీరాక మళ్ళీ కట్టేవారు అరుదు.

మూడు, మన దేశంలో సొంతంగా తీసుకునే పాలసీ. నా దృష్టిలో జనం వదిలేస్తున్నదీ, వదలకూడనిదీ ఇదే. ‘అక్కడ కార్డుంది గదా, ఇక్కడ దండగ’ అంటారు. ఆ మాటే దూలాభాయ్ కూడా అన్నారు. పాత జబ్బులకు వేచి ఉండే గడువు 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్ళు. పాతికేళ్ళ కుర్రవాడు వెళ్ళేముందే పాలసీ తీసుకొని ఏటా కడుతూ ఉంటే, వాడు అక్కడ ఉండగానే ఆ గడువు ఇక్కడ గడిచిపోతుంది. తిరిగొచ్చేనాటికి బీపీ వచ్చినా, షుగర్ వచ్చినా పాలసీ చేతిలో ఉంటుంది. ఇంట్లో ఉన్న భార్యాబిడ్డలకు కూడా అదే ఆసరా. 2025 సెప్టెంబరు 22 నుంచి దీని మీద జి.ఎస్.టి. కూడా లేదు. ఫారంలో మాత్రం నిజం రాయండి. విదేశంలో ఉంటున్న సంగతి, షుగర్ ఉంటే షుగర్. ఏజెంటు ‘అక్కర్లేదు భాయ్’ అన్నా వినకండి. క్లెయిం నాడు అతను కనబడడు.

బీమా జాయజేనా అని కొందరు పెద్దలు అడుగుతారు. అది ఉలమాలు చెప్పవలసిన మాట, లెక్కల మాస్టరు చెప్పేది కాదు. సౌదీలో మాత్రం దీన్ని సహకార బీమా అనే పద్ధతిలో నడుపుతున్నారు.

భోజనాల తరువాత గేటు పక్క గదిలో ఉంటాను. పిల్లలు ఫోనులో పంపిన కార్డులుంటే తీసుకురండి. ఎక్కడ చెల్లుతుందో, ఎన్నటి వరకో చదివి చెబుతాను. అరబీ అక్షరాలకు భయపడకండి, ఆ పని నాది.