టేస్టింగు సాల్టు తగవు: ఇంటి వంట, పోటీ వంట



ఈ సాయంకాలము వంటను గుఱించి మీతో మాటలాడవలెనని వచ్చితిని. పెద్దల సభలో వంటమాట లేమని మీరనుకొనవచ్చును. కాని పెండ్లికి వంటమేస్త్రీని కుదుర్చువారు మీరే. జాతరనాటి సంతర్పణను చూచుకొనువారు మీరే. తగవు వచ్చినపుడు తీర్పు చెప్పువారును మీరే. నేను చెప్పబోవునది ఒక తగవే.

హైదరాబాదునకు తూర్పుదిక్కున ఉప్పల్, నాచారముల చెంత మల్లాపూర్ అను ప్రదేశము కలదు. ఒకప్పుడది పల్లె. నేడు కర్మాగారముల నడుమనున్న నగరభాగము. అచ్చట ఒక కాలనీవారు కనుమనాడు వంటల పోటీ పెట్టి నన్ను న్యాయనిర్ణేతలలో నొకనిగా పిలిచిరి. వచ్చిన వంటకములలో ఒక టమాటా పప్పు నోటబెట్టినంతనే మా యందఱి మనస్సులను లాగుకొనెను. దానికే మొదటి బహుమానమిచ్చితిమి. బహుమానము పుచ్చుకొనుచు ఆ యిల్లాలు, "ఇందులో చిటికెడు టేస్టింగు సాల్టు వేశానండీ" అని దాచక చెప్పినది. అంతట కలకలము పుట్టెను. అది విషమని యొకరు, అది మోసమని మఱియొకరు, హోటళ్ళలో వేయుట లేదా యని వేఱొకరు. ఎండురొయ్యల పులుసునకు రెండవ బహుమానము పొందిన పెద్దమ్మ, "నేను పొద్దుగాల నుంచి పులుసు మసలబెట్టిన. ఆమె చిటికెడు ఉప్పుతోని గెలిచింది" అని కంట నీరు పెట్టుకొన్నది. ఆనాడు నేను తగిన సమాధానము చెప్పలేకపోయితిని. తరువాత చదివి, విచారించి తెలిసికొన్నది నేడు మీకు నివేదించుచున్నాను.

ఈ తగవులో రెండు ప్రశ్నలు పెనగొనియున్నవి. ఒకటి ఆరోగ్యమును గూర్చినది. రెండవది న్యాయమును గూర్చినది. వీనిని విడదీయనిచో తగవు తెగదు.

ముందుగా ఈ ఉప్పు పుట్టుక వినుడు. 1908లో జపాను దేశమున, టోకియో విశ్వవిద్యాలయములోని ఆచార్యుడు కికునాయే ఇకెడా, కొంబు అను సముద్రపు నాచుతో కాచిన రసమునకు ఆ కమ్మదనము ఎచ్చటినుండి వచ్చుచున్నదని వెదకెను. ఆ నాచునుండి గ్లూటమిక్ ఆమ్లమును వేఱుచేసి, తీపి, పులుపు, ఉప్పు, చేదులలో చేరని ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టెను. 1909లో దాని సోడియపు లవణము అజినొమోటో అను పేర అంగళ్ళకు వచ్చెను. ఆ మాటకు రుచికి మూలమని యర్థము. మోనోసోడియం గ్లూటమేటు అనునది దాని శాస్త్రనామము. మన హోటళ్ళలో టేస్టింగు సాల్టు అందురు. నేడు చెఱకు మడ్డిని, కఱ్ఱపెండలపు పిండిని సూక్ష్మజీవులచే పులియబెట్టి దీనిని తయారుచేయుదురు.

పేరు క్రొత్తదే కాని, గ్లూటమేటు మన వంటయింటికి క్రొత్తది కాదు. టమాటాలో అది యున్నది. పచ్చికాయలోకంటె బాగుగా పండినదానిలో మఱింత యున్నది. పుట్టగొడుగులలో నున్నది. తల్లిపాలలో సయితము ఉన్నది. వంకాయకూరలో గుప్పెడు ఎండురొయ్యలు వేసిన అవ్వ ఆ పేరు ఎఱుగదు గాని, ఆ రుచి గుట్టు ఎఱుగును.

మఱి దీనిపై భయమెట్లు పుట్టినది? 1968లో అమెరికాలోని యొక వైద్యుడు, చైనావారి హోటలులో భుజించినప్పుడెల్ల తనకు మెడవెనుక తిమ్మిరి, నీరసము, గుండెదడ కలుగుచున్నవని ఒక వైద్యపత్రికకు లేఖ వ్రాసెను. కారణము ఇదియో అదియో యని ఆయన కొన్నిటిని ఊహించెను. వానిలో ఈ పొడి యొకటి. లోకము తక్కినవానిని మఱచి దీనినే పట్టుకొన్నది. మఱుసటి యేట, అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల చర్మముక్రింద దీనిని పెద్ద మోతాదులో సూదితో ఎక్కింపగా వాని మెదడునకు హాని కలిగెనని మఱియొక శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. భయము మఱింత పెరిగెను. కాని సూదితో ఎక్కించుట వేఱు, కూరలో చిటికెడు తినుట వేఱు. తిన్న గ్లూటమేటులో అధికభాగమును ప్రేగులే ఖర్చు చేసికొనును.

ఇది తమకు పడదని చెప్పుకొనిన 130 మందిపై జరిపిన పరీక్షా ఫలితములు 2000లో వెలువడినవి. ఇచ్చువానికిగాని పుచ్చుకొనువానికిగాని ఏది నిజమైన పొడియో, ఏది ఉత్తపొడియో తెలియనీయలేదు. అన్నము లేకుండ ఒక్కమాఱుగా అయిదు గ్రాములు తీసికొన్నప్పుడు కొందఱికి తలనొప్పివంటివి కలిగినవి. కాని అదే మనుష్యునకు మరల పరీక్షింపగా మరల కనబడలేదు. ఆహారముతో కలిపి యిచ్చినప్పుడు తేడా తేలలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు సలహా చెప్పు నిపుణులు 1987లో దీనికి రోజువారీ హద్దు అంకెలలో అవసరము లేదనిరి. ఐరోపా ఖండపు నిపుణులు 2017లో అంత నిశ్చింతగా నుండక, శరీరపు బరువులో కిలోకు 30 మిల్లీగ్రాములని హద్దు పెట్టిరి. ఆ లెక్కను 60 కిలోల మనిషికి దినమునకు ఇంచుమించు రెండు గ్రాములు. కావున చిటికెడు విషము కాదు. గరిటెడు వేయుట వివేకము కాదు. ఏడాది నిండని శిశువుల ఆహారమున దీనిని కలుపరాదని మన దేశపు నియమము. దీనిని పాటింపవలెను.

ఇంకొక సంగతి. మల్లాపూరునకు అనతిదూరమున, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరునందు ఒక్క గదిలో మెకారిసన్ దొర ప్రారంభించిన పరిశోధన పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ సంస్థవారు 2024లో వెలువరించిన ఆహారసూత్రములలో ఉప్పు దినమునకు అయిదు గ్రాములకు మించరాదని చెప్పిరి. రక్తపుపోటు గల పెద్దలు ఈ మాట చెవినిడవలెను. మామూలు ఉప్పులో నూటికి 39 పాళ్ళు సోడియము. టేస్టింగు సాల్టులో 12 పాళ్ళే. కూరలో ఉప్పు కొంత తగ్గించి, దానికి మాఱుగా ఇది చిటికెడు వేసినచో సోడియము తగ్గును. ఉప్పు యథాప్రకారము వేసి, దానిపై నిది వేసినచో పెరుగును. ఇంటి వంటకు నేను చెప్పు నియమ మిదియే. వేయదలచినవారు ఉప్పు తగ్గించి వేయుడు. ఇంటనున్నవారికి చెప్పి వేయుడు. పడదనువారి కంచమున వేయకుడు.

ఇక న్యాయపు ప్రశ్న. ఇది మొదటిదానికంటె చిక్కైనది. పోటీలో దీనిని నిషేధించి, వండినదానిని పరిశోధనాలయమునకు పంపిన సరిపోవునుగదా యని కాలనీలో నొక యువకుడనెను. సరిపోదు. 2015లో జరిగిన మ్యాగీ నూడుల్సు వ్యవహారము మీకు జ్ఞాపకముండును. ఎం.ఎస్.జి. కలుపలేదని పొట్లముపై వ్రాసియుండగా, ఉత్తరప్రదేశమున బారాబంకీలో తీసిన మాదిరిలో గ్లూటమేటు కనబడెను. తాము వేఱుగా కలుపలేదనియు, ఉల్లిపొడి, గోధుమపిండి మొదలగువానినుండి సహజముగ వచ్చినదనియు కంపెనీవారు చెప్పిరి. సీసము హెచ్చుగా నున్నదను ఆరోపణయు చేరి, ఆ జూనులో సరకును అంగళ్ళనుండి తీయించిరి. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ యుత్తరువును కొట్టివేసి, మూడు పరిశోధనాలయములలో మరల పరీక్షింపుమనెను. వానిలో నొకటి మన హైదరాబాదునందలిది. సీసము మితిలోనే యున్నదని తేలి, నవంబరులో సరకు తిరిగి వచ్చెను. 2016లో దేశపు ఆహార ప్రమాణముల సంస్థయే, కలిపిన గ్లూటమేటును సహజమైనదానినుండి వేఱుపఱచు పరీక్ష లేదనియు, తయారుచేయు చోటనే తనిఖీ చేసి తెలిసికొనవలెననియు ఉత్తరువు చేసినది.

దీనిని మన పోటీకి అన్వయించి చూడుడు. మొదటి బహుమానము పొందిన పప్పులో గ్లూటమేటున్నది. కొంత చిటికెవలన, కొంత టమాటావలన. పెద్దమ్మ పులుసులోను ఉన్నది, ఎండురొయ్యలవలన. పరిశోధనాలయము రెంటియందును ఉన్నదని మాత్రమే చెప్పగలదు. ఎవరు పొడి వేసిరో వండినవారు చెప్పవలెను, లేదా వండునపుడు మనము చూడవలెను. వేఱు దారి లేదు.

అందువలననే, ఆనాడు నిజము చెప్పిన యిల్లాలి బహుమానమును లాగుకొందమన్నవారితో నేను ఏకీభవింపలేదు. వేయరాదను నియమము మేము ముందు పెట్టలేదు. నియమము లేనిచోట తప్పు లేదు. పైగా, సత్యము పలికినవారిని శిక్షించినచో మఱుసటి యేడు వేసినవారే వేయలేదందురు. ఆ పెద్దమ్మ దుఃఖమును న్యాయమైనదే. ఓపికకు, నేర్పునకు పోటీ యని ఆమె వచ్చినది. మేము నాలుకకు తోచినదానిని మాత్రమే కొలిచితిమి. దేనికి పోటీయో ముందుగా చెప్పకపోవుట ఆమె తప్పు కాదు, ఆ యిల్లాలి తప్పును కాదు. మా న్యాయనిర్ణేతల తప్పు. ఆ మాట ఆ యిరువురితోను చెప్పి క్షమాపణ వేడుకొంటిని.

మీ యూరిలో పోటీ పెట్టినపుడు ఈ మూడు పనులు చేయుడు. పొడి వేయవచ్చునో కాదో పదిదినములు ముందుగా చాటింపుడు. వంటను ఇంటినుండి తెప్పింపక అందఱి యెదుటనే వండింపుడు. ప్రతివారును తమ పోపులపెట్టె తెఱచి, ఏమేమి వేయుదురో చెప్పునట్లు చేయుడు. పెండ్లివంటలోను ఇదియే మేలు. కొందఱు మాంసము తగ్గించి, రసము పలుచన చేసి, రుచిని మాత్రము ఈ పొడితో నిలుపుదురు. అచ్చట దోషము పొడిది కాదు, మాంసమునకు సొమ్ము పుచ్చుకొని పొడి పెట్టినవానిది. అంగటి పొట్లముపై 621 అను సంఖ్య చూచి తెలిసికొనవచ్చును. విస్తరిపై అట్టి చీటీ యుండదు. అందుచేత వంటమేస్త్రీని కుదుర్చునాడే అడుగుడు. చెప్పుటకు జంకువానికి బయానా ఇయ్యకుడు.

వచ్చు కనుమకు మల్లాపూరు కాలనీవారు పోటీని రెండు వరుసలుగా పెట్టుటకు ఒప్పుకొనిరి. పొడి లేని వంట ఒక వరుస, ఏదైనను వేయదగిన వంట ఒక వరుస. పెద్దమ్మ తన పులుసుతో మొదటి వరుసలో నిలుచునట. ఆ యిల్లాలు కూడ చిటికె మానివేసి, ఆ వరుసలోనే ఆమె ప్రక్కన నిలుచునట. మీ ఊళ్ళలోను ఇట్లే జరుగుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.