కాంగేర్ ధారకు కాలినడక



భిలాయి క్యాంపు 2 లో కాపురముండు తెలుగు కుటుంబములకు సెలవు దొరకినచో మైత్రీబాగ్, లేదా తాందులా జలాశయము, మరికొంత సాహసించినచో డోంగర్‌గఢ్ కొండ జ్ఞప్తికి వచ్చును. బస్తరు అనగానే చిత్రకోట్, తీరథ్‌గఢ్ జలపాతములను తలచెదరు. కాంగేర్ ధార పేరెత్తువారు అరుదు.

అది కాంగేర్ లోయ జాతీయోద్యానవనములో నున్నది. 1982లో ఏర్పడిన ఈ వనము వైశాల్యము సుమారు 200 చదరపు కిలోమీటర్లు. భిలాయి నుండి జగదల్‌పూర్ సుమారు 300 కిలోమీటర్లు. నడుమ కేశ్‌కాల్ ఘాటు మలుపులు పిల్లలకు కడుపులో త్రిప్పును. కనుక రాత్రి జగదల్‌పూరులో విశ్రమించి, ఉదయమే బయలుదేరుట మేలు.

వనములో సాలవృక్షములును, టేకును, వెదురును కలసి పెరుగును. కాలిబాట వెంట ముందుగా చెవికి నీటి చప్పుడు సోకును, పిదప కంటికి ధార కనబడును. ఇది ఎత్తునుండి ఉరుకు జలపాతము కాదు. రాతి మెట్లపై నది తాపీగా దిగివచ్చును. తీరథ్‌గఢ్‌ను చూచి వచ్చినవారు "ఇంతేనా?" యందురు, ఒక గడియ కూర్చున్న పిదప లేవ మనసొప్పదు.

అచటి రాయి విషయము ఉక్కు పట్టణమువారికి ప్రత్యేకముగా చెప్పవలెను. నందిని గనులలో త్రవ్వి, కొలిమిలో రాజ్‌హరా ఇనుప ఖనిజముతో కలుపు సున్నపురాయి వంటిదే ఈ లోయలోను గలదు. ఇచట దానిని నీరే తొలిచినది. కుటుంసర్ గుహ అట్లేర్పడినది. పైకప్పునుండి వ్రేలాడు సున్నపు ఊడలు అంగుళము పెరుగుటకు శతాబ్దములు పట్టవచ్చును. ఒక్క కుర్రవాని చేయి తగిలిన విరుగును. చీకటి మడుగులలో కన్నులు క్షీణించి, మేని రంగు తరిగిన చిన్న చేపలు జీవించుచున్నవి. పెట్రోమాక్స్ దీపముల పొగ అట్టి మూసిన చోటికి ఎంత హానియో వేరుగ చెప్పనక్కరలేదు.

లోయ ప్రాంతమున నివసించు ధుర్వాల మాట పర్జీ. అది ద్రావిడ భాష. బరో, భట్టాచార్యగారలు 1953లో దానిపై గ్రంథము ప్రకటించిరి. నీటిని వారు 'నీర్' అందురు. ఆ నీరు ఎచటికి పోవునో క్యాంపులో పుట్టి, గోదావరిని చూడని పిల్లలకు తెలుపవలసియున్నది. కాంగేర్ నది కొలాబులో కలియును; కొలాబు దిగువన శబరి యగును; శబరి కూనవరమువద్ద గోదావరిలో చేరును. ధారలో విడిచిన ఆకు, దారిలో తట్టుకొనకున్నచో, తెలుగుదేశము చేరగలదు. విడిచిన ప్లాస్టిక్ సీసాయు అంతే.

2025 మార్చిలో ఈ వనము యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినది. ఇక జనము పెరుగుట తథ్యము. వెళ్ళదలచినవారు ఆలస్యము చేయరాదు. స్థానికుడైన మార్గదర్శిని వెంటగొనవలెను. వర్షకాలమున గుహను మూసివేయుదురు. వానలు వెనుకపట్టిన పిదప పోయినచో బాట ఆరియుండును, ధారలో నీరు తేటపడియుండును.