స్వయం వృత్తులవారు – వృద్ధాప్యపు పింఛను

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రామములలోని చేనేత పనివారికి, వడ్రంగులకు, దర్జీలకు, చిల్లర దుకాణదారులకు యజమాని యనువాడు లేడు. వారి పేర నెలనెలా పింఛను నిధికి సొమ్ము జమ కట్టువారును లేరు. ఒంటిలో సత్తువ ఉన్ననాడే వృద్ధాప్యమునకు వారే కూడబెట్టుకొనవలెను.

ఇట్టివారి కొరకు 2015లో కేంద్ర ప్రభుత్వము అటల్ పింఛను యోజనను ప్రారంభించినది. 18 మొదలు 40 ఏండ్ల వరకు వయస్సు గలవారు బ్యాంకు లేక తపాలా పొదుపు ఖాతా ద్వారా చేరవచ్చును. 60 ఏండ్లు నిండిన పిదప, వారు ఎంచుకొన్న మొత్తమును బట్టి నెలకు 1,000 నుండి 5,000 రూపాయల వరకు హామీ పింఛను లభించును. పింఛనుదారు గతించినచో భార్యకు లేక భర్తకు అదే పింఛను ముట్టును.

ఆలస్యము ఎంత ఖరీదైనదో చూడుడు. 5,000 రూపాయల పింఛనుకై 18వ ఏట చేరినవారు నెలకు 210 రూపాయలు కట్టిన చాలును. 40వ ఏట చేరినవారు 1,454 రూపాయలు కట్టవలెను. మొదటివారు 42 ఏండ్లలో కట్టునది 1,05,840 రూపాయలు. రెండవవారు 20 ఏండ్లలోనే 3,48,960 రూపాయలు కట్టుదురు. పింఛను మాత్రము ఒక్కటే.

పంట పోయిననాడో, పెండ్లి వచ్చిననాడో కొందరు మధ్యలోనే వైదొలగుదురు. 60 ఏండ్లకు ముందు స్వచ్ఛందముగా వైదొలగినవారికి తాము కట్టిన సొమ్ము, దానిపై వచ్చిన ఆదాయము, ఖాతా ఖర్చులు పోగా తిరిగి వచ్చును. హామీ పింఛను పోవును. తొలినాళ్లలో ప్రభుత్వపు వాటా పొందినవారికి ఆ వాటాయు దక్కదు.

ఇక పన్ను మినహాయింపు మాట. ఆదాయపు పన్ను చెల్లించువారు 2022 అక్టోబరు 1 నుండి ఈ యోజనలో క్రొత్తగా చేరుటకు వీలు లేదు. అట్టి స్వయం వృత్తులవారికి జాతీయ పింఛను విధానము కలదు. అందు కట్టిన సొమ్ముపై మినహాయింపు పాత పన్ను పద్ధతిని ఎంచుకొన్నవారికే వర్తించును. మొత్తము ఆదాయములో 20 శాతమునకు మించకుండ, ఇతర పొదుపులతో కలిపి 1,50,000 రూపాయల వరకును, అదనముగా 50,000 రూపాయల వరకును ఆదాయము నుండి తీసివేయవచ్చును. పన్నే లేనివారికి ఈ మినహాయింపు వలన ప్రయోజనము లేదు. కావున దానిని ఆశగా చూపి ఎవరినీ చేర్పించరాదు.

ధరలు పెరుగుకొలది 5,000 రూపాయల విలువ తగ్గునన్నదియు నిజమే. అయినను ఏ ఆధారమును లేని ముదిమికంటె ఇది మేలు.

గ్రామసభలో ఈ సంగతులు దాచక చెప్పుడు. నలుబదవ ఏడు సమీపించుచున్నవారిని ముందుగా కలిసికొనుడు. ఆ గడువు దాటినచో ఈ ద్వారము వారికి మూసికొనిపోవును.