గగనయానము – ప్రయాణికుల నడవడి

మదనపల్లె నుండి నిమ్మనపల్లెకు పోవు బస్సులో ఒకడు త్రాగివచ్చి తోడి ప్రయాణికులపై తూలి పడుచున్నాడనుకొందము. కండక్టరు ఏమి చేయును? మొదట మంచిమాట చెప్పును. వినకున్న గద్దించును. అప్పటికిని వినకున్న ఈల వేయును, బస్సు నిలుచును, ఆ మనిషిని దారిప్రక్క చింతచెట్టు క్రింద దింపి ‘రైట్’ అనును. దిగినవాడు మత్తు దిగిన తరువాత వెనుక బస్సులో వచ్చును. ఇందులో కండక్టరుకు బలము అతని కంఠము కాదు, ఆ ఈల. బస్సును ఎక్కడనైనను నిలుపవచ్చును, తలుపు తెఱవవచ్చును అన్న ధైర్యమే అతని అధికారము.

విమానములో ఆ ఈల లేదు. 35,000 అడుగుల ఎత్తున, గంటకు 800 కిలోమీటర్లు మించిన వేగముతో పోవుచున్న గొట్టము వంటి గదిలో 180 మంది కూర్చుండి యుందురు. వారిలో నొకడు లేచి ప్రక్కవాని కాలరు పట్టుకొన్నచో, దింపుటకు చింతచెట్టు లేదు, పిలుచుటకు పోలీసు లేడు. ఉన్నవారు నలుగురు పరిచారికలు. మూసిన తలుపు వెనుక ఇద్దరు పైలట్లు. ఆ నలుగురును ఆ ఒక్కనిని ఎట్లు సంబాళింతురన్నది తెలిసికొనదగిన సంగతి.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. 2008లో దేవనహళ్లి వద్ద బెంగుళూరు విమానాశ్రయము తెఱచిన నాటినుండి మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల వారికి ఆకాశయానము అందుబాటులోనికి వచ్చినది. రాయచోటి, మదనపల్లె వైపు నుండి కువైటుకు పనికై పోవు కుటుంబములు ఎన్నియో కలవు. అమెరికాలోని కుమారుని చూడబోవు తల్లిదండ్రులును కలరు. రైలైనను సరిగా ఎక్కియుండనివారు నేరుగా విమానమెక్కుట నేడు వింత కాదు.

పరిచారిక అన్న పేరే కొంత చిక్కు తెచ్చి పెట్టినది. 1930 మే నెలలో అమెరికాలో ఎలెన్ చర్చ్ అను నర్సు తొలి విమాన పరిచారికగా పనిలో చేరెను. ప్రయాణికుల భయము పోగొట్టుటకు నర్సు ఉండుట మేలని కంపెనీకి నచ్చజెప్పినది ఆమెయే. తరువాతి కాలమున కంపెనీలు తమ ప్రకటనలలో పరిచారిక చిరునవ్వును చూపినవి గాని ఆమె పనిని చూపలేదు. ఆ పని ఎట్టిదనగా, నిండు విమానములోని జనమంతయు సగము ద్వారముల గుండనే 90 సెకండ్లలో బయటపడగలుగునట్లు పెద్ద విమానములను నిర్మింతురు. నిప్పంటుకొన్న నాడు ఆ ద్వారములు తెఱచి, జారుడుబల్లలు విప్పి, తటపటాయించువారిని వెలుపలికి పంపవలసినవారు ఈ పరిచారికలే. సుమారు 50 సీట్లకు ఒకరు చొప్పున వారిని నియమించుట ఇందులకే గాని కాఫీ చల్లారిపోవునని కాదు.

2022 డిసెంబరులో ఇస్తాంబుల్ నుండి ఢిల్లీకి వచ్చుచున్న ఇండిగో విమానములో భోజనము విషయమై మాటకు మాట పెరిగినది. ప్రయాణికుడు నీవు సేవకురాలవన్న ధోరణిలో పలుకగా, తాను ఉద్యోగినియే గాని దాసిని కానని ఒక పరిచారిక బదులు చెప్పెను. ఆ దృశ్యము దేశమంతట జనులు చూచిరి. ఆమె గొంతు పెంచరాదని కొందఱనిరి. శిక్షణలో నేర్పునది తగ్గుస్వరమే, నిజమే. కాని అప్పటికే తోడి పరిచారిక కంటతడి పెట్టుకొని యుండెను. డబ్బు చెల్లించి టిక్కెట్టు కొన్నవాడు సీటును కొన్నాడు గాని మనిషిని కొనలేదు గదా!

అల్లరికి కారణములు వెదకినచో మొదట నిలుచునది మద్యము. మన దేశములో లోపలి ప్రయాణములలో మద్యము పోయరు. విదేశములకు పోవు విమానములలో పోయుదురు. విమానములోని గాలిపీడనము నేలమీది దానివలె ఉండదు. 8,000 అడుగుల ఎత్తున ఉండు పీడనము వఱకును తగ్గవచ్చును. మన హార్సిలీ కొండల ఎత్తుకు ఇది ఇంచుమించు రెట్టింపు. నిద్ర లేక, నీరు త్రాగక, పలుచని గాలిలో మద్యము సేవించినవాడు ఇంటివద్ద తట్టుకొను మోతాదునకే అక్కడ సొక్కిపోవచ్చును. దీనికి తోడు ఇఱుకు సీటు, ఆలస్యము, కొందఱకు చెప్పుకొనలేని భయము.

పిదప పొగాకు. మరుగుదొడ్డిలో దాగి సిగరెట్టు కాల్చువారు నేటికిని పట్టుబడుచునే యున్నారు. బీడీముక్కకు ఇంత రాద్ధాంతమేల యని అడుగువారు 1973 జులై 11వ తేదీని తెలిసికొనవలెను. నాడు పారిస్ సమీపమున బ్రెజిల్ దేశపు వారిగ్ సంస్థ విమానములో వెనుకవైపు మరుగుదొడ్డియందు నిప్పు పుట్టి, పొగ నిండి, 123 మంది మరణించిరి. చెత్తబుట్టలో పడిన సిగరెట్టు పీకయే కారణమై యుండవచ్చునని విచారణలో భావించిరి.

ఇట్టి ఘటనలు అరుదా? అంతర్జాతీయ విమాన రవాణా సంఘము లెక్క ప్రకారము 2021లో 835 ప్రయాణములకు ఒకటి చొప్పున, 2022లో 568కి ఒకటి, 2023లో 480కి ఒకటి చొప్పున నమోదైనవి. అమెరికాలో 2021వ సంవత్సరమొక్కటిలోనే ఆఱువేలకు చేరువగా ఫిర్యాదులు వచ్చెను. అవి ముఖమునకు మాస్కు పెట్టుకొనుమన్న దినములు. తగవులలో అధికభాగము ఆ గుడ్డపేలిక గుఱించియే!

పరిచారికల పద్ధతి చూడదగినది. కోపముతో నున్నవాని యెదుట నిలువబడి వ్రేలు చూపరు. వీలైనచో అతని కనుల మట్టమునకు వంగి మాటాడుదురు. మొదట అతని మాట పూర్తిగా విందురు. ‘కూర్చుండు’మని ఆజ్ఞాపించుటకు మాఱుగా, ఇచ్చట కూర్చుండెదరా, వెనుక ఖాళీ సీటున్నది అచ్చటికి వచ్చెదరా యని అడుగుదురు. రెంటిలో ఒకటి ఎన్నుకొన్నవానికి తాను గెలిచినట్లుండును. ఒకరితో మాట కుదరనిచో ఆమె తప్పుకొని మఱియొకరు వత్తురు. వెంట వచ్చిన బంధువుచేత చెప్పింతురు. మద్యమును మెల్లగా ఆలస్యము చేసి, పిమ్మట ఆపివేయుదురు. ఇవేవియు ఫలింపనిచో కెప్టెనుకు తెలిపి హెచ్చరిక చేయుదురు. చేతులకు కట్టు వేయుట కట్టకడపటి మాట. సామోపాయములన్నియు ముగిసిన పిదప బంధనసాధనములను వాడవలసినదని 2023 ఏప్రిలులో మన పౌర విమానయాన డైరెక్టరేటు విమానసంస్థలకు జ్ఞాపకము చేసెను. ఆ నెలలోనే ఢిల్లీ నుండి లండనుకు బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానములో ఒకడు సిబ్బందిలో ఇద్దరిని గాయపఱచగా, విమానము మఱలి ఢిల్లీకే రావలసివచ్చెను. ఒక్కనికొఱకు వందలాది జనుల ప్రయాణము మొదటికి వచ్చినది.

చట్టబలము లేకపోలేదు. గాలిలో నేరము జరిగినచో విచారింపవలసినది ఏ దేశమన్న చిక్కును తీర్చుటకు 1963లో టోక్యో నగరమున ఒక ఒడంబడిక జరిగెను. దానిననుసరించి మన దేశము 1975లో చట్టము చేసికొన్నది. అల్లరి చేయువానిని నిర్బంధించుటకును, దిగినచోట అధికారులకు అప్పగించుటకును కెప్టెనుకు అధికారము కలదు.

మఱి నేలమీద? 2017 మార్చిలో మహారాష్ట్రకు చెందిన ఒక లోక్‌సభ సభ్యుడు విమాన ఉద్యోగిని చెప్పుతో కొట్టితినని తానే చెప్పుకొనెను. ఆ యేడు జూన్ 15న మన విశాఖపట్టణము విమానాశ్రయములో అనంతపురము లోక్‌సభ సభ్యుడు జె.సి. దివాకర్ రెడ్డిగారు, గడువు దాటి వచ్చినందున బోర్డింగు పాసు ఈయబడదనగా, ఆగ్రహించి అక్కడి ప్రింటరును పడద్రోసిన దృశ్యములు టెలివిజనులో వచ్చినవి. పలు సంస్థలు ఆయనను ఎక్కించుకొనమని ప్రకటించి, కొన్ని వారములకు ఆ నిషేధమును ఎత్తివేసినవి. నాడు కేంద్ర విమానయాన మంత్రి విజయనగరమునకు చెందిన అశోక్ గజపతిరాజుగారు, అదే పక్షమువారు. ఆయన మంత్రిత్వములోనే సెప్టెంబరులో ‘ఎగురరాని వారి పట్టిక’ నియమములు వెలువడెను. నోటి దురుసునకు మూడు నెలలు, చేయి చేసికొన్న ఆఱు నెలలు, ప్రాణాపాయము కలిగించిన రెండేండ్లు అంతకు మించియు నిషేధము. నిర్ణయించువారు కంపెనీవారు మాత్రమే కాదు. పదవీ విరమణ చేసిన జిల్లా న్యాయమూర్తి అధ్యక్షతన మఱియొక విమానసంస్థ ప్రతినిధి, ప్రయాణికుల పక్షము ప్రతినిధి కూర్చుండి 30 దినములలో తేల్చవలెను. తీర్పుపై 60 దినములలో అప్పీలు చేసికొనవచ్చును. ఫిర్యాది యొక్కడే న్యాయాధిపతి కాకుండుట మంచి ఏర్పాటు.

కాని నియమము ఉండుట వేఱు, నడచుట వేఱు. 2022 నవంబరులో న్యూయార్కు నుండి ఢిల్లీ వచ్చు ఎయిర్ ఇండియా విమానములో, మత్తులో నున్న ప్రయాణికుడొకడు ఒక వృద్ధురాలిపై మూత్రము పోసెనన్న ఆరోపణ వచ్చెను. సంగతి లోకమునకు తెలిసినది జనవరిలో. సకాలమున నివేదింపనందుకు సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా పడెను. కెప్టెను లైసెన్సు మూడు నెలలు నిలిచిపోయెను. అల్లరిని కప్పిపుచ్చుట అల్లరి చేసినవానికి తప్ప మఱెవ్వరికిని మేలు కాదు.

ఒక్క భేదము మాత్రము మఱువరాదు. మొదటిసారి కువైటుకు పోవుచున్న మన పల్లె స్త్రీ చక్రములు నేలను తాకినంతనే లేచి నిలువబడును. బెల్టు విప్పుట ఎఱుగదు, ప్రక్కవానిని అడుగుటకు సిగ్గు. ఆమెకు చెప్పిన సూచనలు ఇంగ్లీషులోను హిందీలోను పోయినవి. ఇది అల్లరి కాదు, తెలియమి. ‘అమ్మా, కాసేపు కూర్చో’ అన్న ఒక్క తెలుగు మాటతో తీరుపాటిది. ఆమెను కసరి, మొదటి తరగతిలో కూర్చుండి కేకలు వేయు పెద్దమనిషిని బుజ్జగించు పరిచారికలును లేకపోలేదు. అది వారి శిక్షణలోని లోపము. మన జిల్లాలవారు ఎక్కువగా పోవు విమానములందు తెలుగు ఎఱిగిన ఒక్కరినైనను ఉంచుట కంపెనీలకు మోయలేని భారమా?

ఇక తోడి ప్రయాణికులు చేయదగినది కొంత కలదు. తగవు ముదిరినప్పుడు చుట్టు మూగి ఫోనులెత్తి చిత్రములు తీసినచో, చూచువారి ముందు తగ్గుట నామోషీయని ఆ మనిషి మఱింత రేగును. దారి వదలి కూర్చుండుట మేలు. సిబ్బంది కోరినప్పుడే చేయి సాయము చేయవలెను. దిగిన తరువాత మాత్రము మనకేలయని తొలగిపోక, చూచినది చూచినట్లు వ్రాసి, పేరును సీటు సంఖ్యయును పరిచారికకు ఇచ్చి పోవలెను. ఆ న్యాయమూర్తి కమిటీ ముందు 30 దినములలో ఆమె తన మాటను నిలుపుకొనవలసియుండును. అంతలో ఆమె ఇంకను ఎన్నియో విమానము లెక్కి దిగియుండును.