డాక్టరు గారి జవాబు

నేను ఇర్వింగ్ లో ఉండే కంప్యూటర్ కన్సల్టెంటుని. వైద్యం నాకు తెలియదు. కానీ క్లినిక్కు ఫేస్‌బుక్ పేజీ పెట్టాలంటే డాక్టరు మిత్రులు నన్నే అడుగుతుంటారు. పేజీ పెట్టడం పది నిమిషాల పని. ఆ తర్వాతే అసలు చిక్కు.

మన పక్కనే డాలస్ లో జరిగింది చెబుతాను. ఎలీట్ డెంటల్ అసోసియేట్స్ అనే దంత వైద్యశాల మీద ఒక పేషెంటు యెల్ప్ లో రివ్యూ రాశారు. జవాబులో క్లినిక్ వారు తన ఇంటిపేరు, ఆరోగ్య వివరాలు బయటపెట్టారని ఆ పేషెంటు ఫెడరల్ ఆరోగ్య శాఖకు ఫిర్యాదు చేశారు. విచారిస్తే మరికొందరి వివరాలూ అలాగే పెట్టినట్టు తేలింది. 2019 అక్టోబరులో 10,000 డాలర్లు కట్టి, రెండేళ్ళ పర్యవేక్షణకు ఒప్పుకోవలసి వచ్చింది.

"పేషెంటు తన సంగతి తనే రాసుకున్నాక నేను చెబితే తప్పేమిటి?" అన్నారు ఒక మిత్రుడు. నాకూ మొదట న్యాయంగానే తోచింది. కానీ 1996 నాటి హిపా చట్టం లెక్క వేరు. పేషెంటు తన గురించి ఏమైనా చెప్పుకోవచ్చు. డాక్టరు అలా బయట చెప్పాలంటే పేషెంటు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. "మీరు మా పేషెంటే" అనడం కూడా వెల్లడించినట్టే! అందుకని ఆయనకి ఒక్క వాక్యం రాసిచ్చాను: "ఇక్కడ ఎవరి విషయమూ మాట్లాడలేం, దయచేసి ఆఫీసుకు ఫోన్ చెయ్యండి."

పేజీలో రాయడానికి వేరే బోలెడుంది. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల కోసం ఫ్లూ టీకా గురించి, షుగర్ ఉన్నవాళ్ళ పాదాల జాగ్రత్త గురించి తెలుగులో నాలుగు ముక్కలు రాస్తే ఎంత మేలు!

ఇక వాట్సాప్ గ్రూపులో అమ్మగారి బ్లడ్ రిపోర్టు పెట్టి "డాక్టరు గారూ, కాస్త చూడండి" అనేది మనమే. ఆయన అక్కడ పలక్కపోతే నొచ్చుకోకండి.