రాజు – నర్మసచివుడు – న్యాయాధిపతి



షేక్స్పియరు మహాకవి రచించిన ‘నాలుగవ హెన్రీ’ నాటకము రెండు భాగములు గలది. మొదటిది 1598లోను, రెండవది 1600లోను అచ్చుపడినవి. పలువురు దీనిని ఫాల్‌స్టాఫు హాస్యమునకై చదువుదురు. ఆ హాస్యము మాటున నున్న రాజధర్మమును గూర్చి మేము నేడు మనవి చేయదలచితిమి.

నాలుగవ హెన్రీ 1399లో తన పెదతండ్రి కుమారుడగు రెండవ రిచర్డును పదభ్రష్టుని గావించి సింహాసన మెక్కెను. కిరీటము లభించినది గాని నిద్ర లభింపలేదు. నిరుపేదలు గుడిసెలలో హాయిగా నిద్రించుచుండ తనకు కన్ను మూతపడదేమని నాటకమున నాతడు వగచును.

ఆతని కుమారుడు పానశాలలలో ప్రొద్దుపుచ్చుచుండెను. స్థూలకాయుడు, వృద్ధుడు, చమత్కారియు నగు ఫాల్‌స్టాఫు ఆ యువరాజునకు నర్మసచివుడు. మన సంస్కృత నాటకములలోని విదూషకుడు మోదకములకై యాసపడును. ఫాల్‌స్టాఫు ఆస యంతటితో నాగలేదు. సేనను గూర్చు నధికారము చేత బడగానే కలిగినవారిని సొమ్ము గొని విడిచిపెట్టి, 150 మంది సైనికులకు మారుగా 300 పైచిలుకు పౌనులు కూడబెట్టి, చింకిపాతల దరిద్రులను ష్రూస్‌బరీ యుద్ధమునకు నడిపించెను. వారిలో ముగ్గురైనను మిగులలేదని తానే చెప్పును. ప్రేక్షకులు నవ్వుదురు. ఆ నవ్వునకు వెల యిచ్చిన దెవరు?

1413లో తండ్రి మరణింపగా యువరాజు అయిదవ హెన్రీ యయ్యెను. పూర్వము తన్ను చెరసాలకు బంపిన ప్రధాన న్యాయాధిపతిని, నాటకమున, ఆ నూతన రాజు పితృసమానునిగా గౌరవించి, ధర్మపు త్రాసును ఖడ్గమును ఆయన చేతనే యుంచెను. ఫాల్‌స్టాఫును మాత్రము పదిమైళ్ల లోపలికి రావలదని వెడలగొట్టెను. పాతమిత్రుని త్రోసివేయుట క్రూరమని కొందరు విమర్శకుల వాదము. ఆ వేదన మేమును కాదనము. కాని ధనార్జనకై పేదలను మృత్యుముఖమునకు బంపినవాడు రాజు ప్రక్కన నిలువదగునా?

అయినను అంతరాత్మ ఋణ మింతటితో దీరలేదు. ప్రజలు సింహాసనపు హక్కును విచారింపకుండ వారి చిత్తములను పరదేశ యుద్ధములందు దగిలింపుమని మరణశయ్యపై తండ్రి కుమారునకు బోధించెను. కుమారుడు ఫ్రాన్సుపై దండెత్తి, 1415లో అజింకూరు వద్ద జయము గాంచెను. విదూషకుని వెడలగొట్టిన రాజు ఆ యుపదేశమును వెడలగొట్టడాయెను.

కావున సోదరులారా! ఏలికను నవ్వించువా డెవడని విచారించుటతో దృప్తిపడకుడు. తప్పు చేసిననాడు ఆతనిని దండింపగలవా డున్నాడా యని యడుగుడు. యుద్ధభేరి మ్రోగిననాడు అది యెవరి యపరాధమును మరపించుటకు మ్రోగుచున్నదో యదియు నడుగుడు.